సర్ ఆర్థర్ లూయిస్: చెరకు తోట కూలివాని ప్రశ్న

(శతవార్షికోత్సవములలో భాగముగా జరిగిన విద్యా సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



విద్యను గూర్చి మాట్లాడుమని నిర్వాహకులు మమ్మును కోరారు. విద్య గొప్పదని చెప్పుట సులభము. ఆ మాట కాదనువారు ఈ సభలో ఒక్కరును ఉండరు. కాని విద్య ఎవరికి, ఎందుకు, కష్టపడినవాని కష్టఫలము చివరకు ఎవరి ఇంటికి చేరుచున్నది అని అడిగినప్పుడు మాట కష్టమగును. ఈ ప్రశ్నలను జీవితమంతయు వదలక వెంబడించిన ఒక నల్లజాతి ఆర్థికశాస్త్రవేత్తను గూర్చి ఈ పూట మీతో చెప్పదలచినాము. ఆయన పేరు సర్ విలియం ఆర్థర్ లూయిస్. శాంతి బహుమతి కాక మరియొక విభాగములో నోబెల్ బహుమతి పొందిన మొట్టమొదటి నల్లజాతి వ్యక్తి ఆయనే. ఆల్బర్ట్ లుతూలీ గారిని, మార్టిన్ లూథర్ కింగ్ గారిని మన సంఘములలో చాలమంది ఎరుగుదురు. లూయిస్ గారిని ఎరిగినవారు తక్కువ. ఆయన ఊరేగింపులు నడిపిన మనిషి కాదు. బల్లయొద్ద కూర్చుండి లెక్కలు వేసిన మనిషి. అయితే ఆ లెక్కలలో మన తాతముత్తాతల కూలి కూడ ఉన్నది. అది ఎట్లో ముందు ముందు చెప్పెదము.

ద్వీపము, కుటుంబము

కరీబియన్ సముద్రములో సెయింట్ లూసియా అను చిన్న ద్వీపము కలదు. దాని విస్తీర్ణము దాదాపు 616 చదరపు కిలోమీటర్లు. అప్పట్లో అది బ్రిటిషువారి పాలనలో ఉండెడిది. ఆఫ్రికానుండి బానిసలుగా తేబడినవారి సంతతివారే అక్కడి జనులలో అత్యధికులు. చెరకు తోటలు, చక్కెర మిల్లులు, తెల్ల యజమానులు, నల్ల కూలీలు - ఇదే ఆనాటి జీవితము. ఆ ద్వీపమునకు ముఖ్యపట్టణమైన కాస్ట్రీస్‌లో 1915 జనవరి 23వ తేదీన ఆర్థర్ లూయిస్ జన్మించారు. తల్లిదండ్రులిద్దరు ఉపాధ్యాయులు. వారు ఆంటిగువా అను మరియొక ద్వీపమునుండి వచ్చి అక్కడ స్థిరపడినవారు. వారికి అయిదుగురు కుమారులు. ఆర్థర్ నాలుగవవాడు.

ఏడవ యేట పిల్లవానికి జబ్బు చేసి కొన్ని వారములు బడికి పోలేకపోయాడు. చదువు వెనుకబడకూడదని తండ్రి ఇంటనే పాఠములు చెప్పారు. బడిలో రెండు సంవత్సరములలో చెప్పునది తండ్రి మూడు నెలలలో చెప్పివేశారు. తిరిగి బడికి వెళ్లినప్పుడు నాలుగవ తరగతి పిల్లవానిని ఆరవ తరగతిలో కూర్చుండబెట్టారు. అక్కడనుండి తనకంటె రెండు మూడేండ్లు పెద్దవారి నడుమ చదువుకొనవలసివచ్చెను. చదువులో ముందు, ఆటలలో వెనుక. మంచి మార్కులే సర్వస్వము కాదని తనకు అప్పుడే తెలిసిపోయినదని పెద్దవాడైన తరువాత ఆయన వ్రాసుకొన్నారు. ఈ మాట మన పిల్లల తల్లిదండ్రులు గుర్తుంచుకొనదగినది.

ఆర్థర్‌కు ఏడేండ్లప్పుడే తండ్రి మరణించారు. అప్పటికి పెద్ద కుమారునికి పదునేడేండ్లు, చిన్నవానికి అయిదేండ్లు. విధవరాలైన తల్లి ఐడా ఆ అయిదుగురిని పెంచి ప్రయోజకులను చేసినది. తాను ఎరిగినవారిలో ఆమెవలె క్రమశిక్షణతో కష్టపడినవారు మరెవరును లేరని కుమారుడు సాక్ష్యమిచ్చాడు. ఆ అన్నదమ్ములలో ఒకరైన అలెన్ లూయిస్ గారు న్యాయశాస్త్రము చదివి, 1979లో సెయింట్ లూసియా స్వతంత్రము పొందినప్పుడు ఆ దేశమునకు మొదటి గవర్నర్ జనరల్ అయ్యారు. ఒక తల్లి కడుపున ఒక దేశాధినేత, ఒక నోబెల్ గ్రహీత. మన సంఘములలో ఒంటరిగా పిల్లలను చదివించుచున్న తల్లులు ఎందరో కలరు. వారు ఈ మాట విని ధైర్యము తెచ్చుకొందురు గాక.

మూసిన తలుపు

పదునాలుగవ యేటనే ఆర్థర్ హైస్కూలు చదువు ముగించాడు. ఇంగ్లండులో చదువుటకు ప్రభుత్వ స్కాలర్‌షిప్పు పరీక్ష వ్రాయవలెనంటే వయస్సు చాలలేదు. ఆ మధ్య కాలములో ప్రభుత్వ కార్యాలయములో గుమాస్తాగా చేరాడు. ఉత్తరములు వ్రాయుట, టైపు చేయుట, ఫైళ్లు సర్దుట, పనిని క్రమముగా చేయుట అక్కడనే నేర్చుకొన్నాడు. 1932లో పరీక్ష వ్రాసి స్కాలర్‌షిప్పు గెలిచాడు.

ఇంజనీరు కావలెనని అతని కోరిక. అయితే నల్లవానిని ఇంజనీరుగా ప్రభుత్వమును తీసికొనదు, చక్కెర కంపెనీలును తీసికొనవు. ఎంత చదివినను ఆ కుర్చీ ఖాళీ కాదు. డాక్టరు చదువు, లాయరు చదువు అతనికి ఇష్టము లేదు. కనుక లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో బి.కాం. కోర్సును ఎన్నుకొన్నాడు. లెక్కల నిర్వహణ, వ్యాపార చట్టము నేర్చుకొంటే ఊరికి తిరిగి వచ్చి ఏదో ఒక ఉద్యోగము చేసికొనవచ్చునని ఆలోచన. ఆ కోర్సులో అర్థశాస్త్రము కూడ కొంత ఉండెడిది. అర్థశాస్త్రమనగా ఏమిటో అప్పటికి తన ద్వీపములో ఎవరికిని తెలియదని ఆయనే చెప్పారు. 1933లో లండను చేరిన ఆ కుర్రవాడు 1937లో ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణుడై, 1938లో అదే కళాశాలలో ఉపన్యాసకుడయ్యాడు. ఆ సంస్థ చరిత్రలో నల్లజాతి ఉపాధ్యాయుడు అదే మొదలు. 1940లో పిహెచ్.డి. పట్టము వచ్చినది.

లండనులో ఆయన పుస్తకములకే అంటిపెట్టుకొని ఉండలేదు. జమైకానుండి వచ్చిన డాక్టర్ హెరాల్డ్ మూడీ అను క్రైస్తవ వైద్యుడు ఆ నగరములో ఉండెడివారు. వర్ణము కారణముగా ఆసుపత్రిలో ఉద్యోగము నిరాకరింపబడిన మనిషి ఆయన. 1931లో వై.ఎం.సి.ఎ. భవనములో కొందరిని సమకూర్చి నల్లజాతివారి హక్కుల కొరకు ఒక సమాజమును స్థాపించారు. ఆ సమాజపు పత్రిక పేరు 'ది కీస్', అనగా పియానో మెట్లు. తెల్ల మెట్లు, నల్ల మెట్లు కలిసి మ్రోగినప్పుడే మంచి సంగీతము వచ్చునని దాని భావము. యువకుడైన లూయిస్ గారు కొంతకాలము ఆ పత్రికకు సంపాదకత్వము వహించారు.

1930ల చివర కరీబియన్ ద్వీపములలో కూలీల సమ్మెలు, అల్లర్లు చెలరేగినవి. వాటిపై 1939లో లూయిస్ గారు ఒక చిన్న పుస్తకము ప్రకటించారు. అల్లరి చేసినవారిని నిందించుటతో సరిపెట్టక, వారు తినుచున్న తిండి ఏమిటి, ఉన్న ఇల్లు ఏమిటి, వచ్చుచున్న కూలి ఎంత అని అడిగారు. ఈ కూలీల పితరులు రెండు వందల సంవత్సరములు జీతములేని చాకిరి చేసి బ్రిటనును భాగ్యవంతము చేసిరి, ఆ అప్పు ఇంకను తీరలేదు అని కూడ ఎత్తిచూపారు. అప్పటికి ఆయన వయస్సు ఇరువది నాలుగు. రెండవ ప్రపంచయుద్ధ కాలములో బ్రిటిషు వలస వ్యవహారముల శాఖకు సలహా సంఘ కార్యదర్శిగా ఉన్నారు. ఆ శాఖకు వలస దేశముల అభివృద్ధిపై నిజమైన శ్రద్ధ లేదని తోచగా, 1944లో రాజీనామా ఇచ్చి బయటికి వచ్చారు. పదవి కొరకు నోరు మూసుకొనుట ఆయనకు చేతకాలేదు.

1948లో మాంచెస్టరు విశ్వవిద్యాలయము ఆయనను ఆచార్యునిగా నియమించినది. వయస్సు ముప్పదిమూడు. బ్రిటిషు విశ్వవిద్యాలయములలో ఆచార్య పీఠమెక్కిన మొదటి నల్లజాతి వ్యక్తిగా ఆయనను లెక్కింతురు. ఆ పట్టణమునకు కరీబియన్ ద్వీపములనుండి, ఆఫ్రికానుండి కూలిపనులకు వచ్చినవారికై సాయంకాలపు తరగతులు, ఒక సామాజిక కేంద్రము ఏర్పడుటకు ఆయన తోడ్పడ్డారు. పగలు విశ్వవిద్యాలయములో పాఠము, సాయంకాలము పనివారి చదువుకొరకు పాటు. ఈ రెండును ఒకే మనిషి చేశారు.

చెరకు, గోధుమ

ఇక ఆయన కనుగొన్న సంగతిని చెప్పెదము. కొంచెము ఓపికతో వినవలెను.

చిన్నప్పటినుండి ఆయనను వేధించిన ప్రశ్న ఇది. చెరకు సాగులో డెబ్బదియైదు సంవత్సరములలో ఎకరపు దిగుబడి దాదాపు మూడు రెట్లయినది. గోధుమలో అంత అభివృద్ధి ఎన్నడును రాలేదు. అయినను గోధుమ పండించు దేశముల పనివాడు మంచి ఇంట్లో ఉండి కడుపునిండ తినుచున్నాడు. చెరకు నరుకు కూలివాడు చెప్పులు లేక నడచుచు గుడిసెలో ఉన్నాడు. చెరకు కూలివాడు సోమరి కాడు. తెలివితక్కువవాడు కాడు. మరి అతడు పెంచిన పంట లాభము ఎక్కడికి పోయినది?

ఆనాటి పుస్తకములలో దీనికి సరియైన జవాబు దొరకలేదు. 1952 ఆగస్టులో ఒక దినము బ్యాంకాక్ నగరపు వీధిలో నడచుచుండగా తనకు జవాబు తట్టినదని ఆయన చెప్పారు. దానినే 1954లో ఒక వ్యాసముగా ప్రకటించారు. అభివృద్ధి చెందుచున్న దేశములను గూర్చి వ్రాయబడిన వ్యాసములలో అంత ప్రసిద్ధి కెక్కినవి అరుదు.

దానిని మన పల్లె మాటలలో చెప్పుకొందము. నాలుగెకరముల భూమిపై అయిదుగురు అన్నదమ్ములు బ్రదుకుచున్నారనుకొనుడి. ఇద్దరికి సరిపడు పనిని అయిదుగురు పంచుకొనుచున్నారు. వారిలో ఇద్దరు ఊరు విడిచి పోయినను పంట ఇంచుమించు అంతే పండును. ఇప్పుడు పట్నములో ఒక మిల్లు వెలసినది. మిల్లు యజమాని ఎంత జీతమిచ్చును? ఆ తమ్మునికి ఇంటివద్ద దొరుకు తిండిగింజల కంటె కొంచెము ఎక్కువ ఇచ్చును. అంతకు మించి ఇయ్యనక్కరలేదు. ఒకడు కాదంటే వెనుక వందమంది నిలుచున్నారు. మిల్లులో క్రొత్త యంత్రము వచ్చి ఉత్పత్తి రెట్టింపయినను కూలి పెరగదు. లాభము యజమానికి పోవును, లేదా చౌకధరగా ఎక్కడనో ఉన్న కొనుగోలుదారునికి పోవును. పల్లెలో మిగిలిపోయిన చేతులన్నియు పనిలో కుదిరిన దినముననే కూలి పెరుగుట ఆరంభమగును.

కనుక లూయిస్ గారు చెప్పినదానిలో ముఖ్యమైన మాట ఇది: కూలివాని వెల అతడు పనిచేయు తోటలో నిర్ణయము కాదు. అతడు విడిచివచ్చిన ఇంటివద్ద నిర్ణయమగును. అక్కడ అతనికి వేరొక దారి ఉన్నదా లేదా అనుదానిపై ఆధారపడును.

ఆ లాభము ఏమి కావలెనో కూడ ఆయన చెప్పారు. యజమాని దానిని తిని కూర్చుంటే దేశము కదలదు. దానిని తిరిగి పనిలో పెడితే మరికొందరికి పని దొరకును. జాతీయాదాయములో నూటికి నాలుగైదు వంతులు మాత్రమే మిగిల్చి పెట్టుబడి పెట్టు సమాజము, నూటికి పండ్రెండు పదునైదు వంతులు పెట్టు సమాజముగా ఎట్లు మారును? అభివృద్ధి శాస్త్రములో కేంద్ర ప్రశ్న ఇదేనని ఆయన అభిప్రాయము.

మన పూర్వికుల కూలి

ఈ సిద్ధాంతము మనకు ఎక్కడ తగులునో ఇప్పుడు చూడుడి. లూయిస్ గారు 1978లో వెలువడిన తన గ్రంథములో పందొమ్మిదవ శతాబ్దపు వలసలను లెక్కించారు. యూరపునుండి దాదాపు 5 కోట్లమంది ఆస్ట్రేలియా, అమెరికా వంటి దేశములకు వెళ్లారు. ఇండియా, చైనాలనుండి మరి 5 కోట్లమంది తోటలకు, గనులకు, రోడ్డు పనులకు వెళ్లారు. 1880లలో ఆస్ట్రేలియాలో సాధారణ కట్టుబడి కూలికి దినమునకు తొమ్మిది షిల్లింగులు. ఉష్ణదేశముల తోటలలో కూలికి ఒక్క షిల్లింగు. ఎందుకీ తేడా? బ్రిటిషు రైతు ఎకరమునకు 1,600 పౌన్లు గోధుమ పండించుచుండగా ఉష్ణదేశముల రైతు ఎకరమునకు 700 పౌన్ల ధాన్యము పండించుచుండెడివాడు. ఇంటివద్ద ఎక్కువ దొరకువానిని కదిలించవలెనంటే ఎక్కువ ఇయ్యవలెను. ఇంటివద్ద కరువున్నవాడు షిల్లింగుకే ఓడ ఎక్కును.

ఆ ఓడలలో మనవారును ఉన్నారు. విశాఖపట్నము, కాకినాడ రేవులనుండి మేస్త్రీల వెంట రంగూను వెళ్లినవారు, మద్రాసు రేవునుండి మలయాకు, నేటాలుకు, ఫిజీకి, మారిషస్‌కు వెళ్లినవారు ఎందరో కలరు. బానిసత్వము రద్దయిన తరువాత 1838నుండి లూయిస్ గారి కరీబియన్ ప్రాంతమునకు కూడ హిందూదేశపు కూలీలను ఒప్పందములపై తీసికొనిపోయారు. వారిలో ఎక్కువమంది కలకత్తా రేవునుండి వెళ్లినను, మద్రాసు రేవునుండి వెళ్లిన తమిళులు, తెలుగువారు కూడ కొందరున్నారు. గయానాలో వారి సంతతిని నేటికిని 'మద్రాసీలు' అందురు. నల్లవాడు విడిచిన చెరకు కత్తిని మన కూలివాడు పట్టుకొన్నాడు. కనుక లూయిస్ గారు తన జనుల కూలిని లెక్కించినప్పుడు మనవారి కూలిని కూడ లెక్కించారు.

ఈ సిద్ధాంతమును అందరు ఒప్పుకొనలేదు. థియోడోర్ షుల్జ్ అను అమెరికన్ శాస్త్రజ్ఞుడు, పల్లెలో చేతులు ఊరకే లేవు, పేద రైతు తనకున్న సాధనములను తెలివిగానే వాడుకొనుచున్నాడు అని వాదించారు. దానికి సాక్ష్యముగా 1918-19లో హిందూదేశములో వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారిని చూపారు. అంతమంది మరణించగా సాగుబడి కూడ తగ్గినది, కనుక ఆ చేతులు అనవసరమైనవి కావు అని ఆయన వాదన. ఆ లెక్కపై మరల వాదములు జరిగినవి. పల్లె చేతుల ఫలము సున్న అని చెప్పుట తన సిద్ధాంతమునకు అవసరము లేదని, ఉన్న జీతమునకు కావలసినంతమంది దొరకుటయే ముఖ్యమని లూయిస్ గారు జవాబిచ్చారు. విచిత్రమేమనగా, 1979లో అర్థశాస్త్ర నోబెల్ బహుమతిని వీరిద్దరికి కలిపి ఇచ్చారు. అంతకు చాల ముందు, 1951లో పేద దేశముల అభివృద్ధిని గూర్చి ఐక్యరాజ్యసమితి నియమించిన నిపుణుల సంఘములో వీరిద్దరును, మన దేశపు డి.ఆర్. గాడ్గిల్ గారును కలిసి కూర్చున్నవారే. వాదించుకొన్నను ఒక బల్లయొద్ద కూర్చుండగలిగిరి. మన కమిటీలకు ఇదొక పాఠము.

సలహాదారుడు

సిద్ధాంతము చెప్పుట ఒకటి, రాజ్యమేలువారి ప్రక్కన కూర్చుండుట మరియొకటి. గోల్డ్ కోస్ట్ దేశపు పరిశ్రమలను గూర్చి 1953లో లూయిస్ గారు ఒక నివేదిక ఇచ్చారు. ఫ్యాక్టరీలు కావలెనని అందరు కేకలు వేయుచుండగా, ముందు తిండిగింజల సాగును బాగుచేయుడి అని వ్రాశారు. రైతు ఇంట గింజ పెరిగితేనే పట్నములో కూలి పెరుగునని ఆయన లెక్క. 1957లో ఆ దేశము ఘానా అను పేరుతో స్వతంత్రమైనది. ప్రధానమంత్రి ఎన్‌క్రుమా గారు ఆయనను ఆర్థిక సలహాదారునిగా పిలిచారు. ఎంతో ఆశతో వెళ్లారు. ఆడంబరపు కట్టడములకు, రాజకీయ అవసరములకు డబ్బు పోవుచుండగా చూచి ఊరకుండలేకపోయారు. మీ సలహా సరియైనదే కావచ్చును గాని నేను రాజకీయవేత్తను, భవిష్యత్తుపై పందెము వేయక తప్పదు అను అర్థమిచ్చునట్లు ఎన్‌క్రుమా గారు ఆయనకు తెలిపారు. 1958 చివర లూయిస్ గారు ఘానా విడిచారు. కోపముతో పత్రికల కెక్కి ఆ క్రొత్త దేశమును అల్లరి పాలు చేయలేదు. తనవారని నమ్మి వెళ్లినచోట మాట చెల్లకపోవుట ఎంత కష్టమో అనుభవించినవారికే తెలియును.

విశ్వవిద్యాలయము

ఆ తరువాత ఆయన స్వంత ప్రాంతమునకు పిలువబడ్డారు. జమైకాలో 1948లో లండను విశ్వవిద్యాలయమునకు అనుబంధముగా ఒక కళాశాల ఆరంభమయ్యెను. 1959లో లూయిస్ గారు దానికి ప్రిన్సిపాలుగా నియమితులయ్యారు. ద్వీపములలో పుట్టినవారిలో ఆ పదవి పొందినది ఆయనే మొదలు. అప్పటికి అది కొద్దిమందికి మాత్రమే చదువు చెప్పు సంస్థ. చక్కని తోటల నడుమ, లండను మర్యాదలతో, హాస్టలులో ఉండగలిగిన కొద్దిమందికే అని దాని తీరు. లూయిస్ గారు ఆ తీరు మార్చుటకు పూనుకొన్నారు. ఉపాధ్యాయులు, ఉద్యోగులు, ఇంజనీర్లు కావలసిన దేశములకు ఇంత చిన్న వాకిలి చాలదని పట్టుబట్టారు. విద్యార్థుల సంఖ్యను పెంచారు. ట్రినిడాడులోని ఉష్ణదేశ వ్యవసాయ కళాశాల 1960లో విశ్వవిద్యాలయములో కలిసినది. 1963లో బార్బడోస్‌లో మరియొక ప్రాంగణము తెరువబడినది. 1962లో లండను అనుబంధము తీరి అది వెస్టిండీస్ విశ్వవిద్యాలయమయ్యెను. దానికి మొదటి వైస్ ఛాన్సలర్ లూయిస్ గారే.

ఇక్కడ ఒక్క సంగతి ఆగి ఆలోచింపదగినది. 1960ల ఆరంభములో, ట్రినిడాడు ప్రాంగణమున ఇంజనీరింగు విభాగము ఏర్పడినది. నల్లవాడవు గనుక నీకు ఇంజనీరు ఉద్యోగము లేదు అని ఏ ప్రాంతములో ఆయనకు తలుపు మూయబడినదో, ఆ ప్రాంతమునకే ఇంజనీర్లను తయారుచేయు తలుపు ఆయన కాలములో తెరువబడినది. తనకు జరిగిన అన్యాయమును ఆయన మరువలేదు. దానిని చెప్పుకొని తిరుగుటకంటె, తరువాతివానికి జరుగకుండ చేయుట మేలని తలంచారు.

ఆ దినములలోనే మరియొక పెద్ద దుఃఖము వచ్చెను. ఆ ద్వీపములన్నియు కలిసి 1958లో ఒక సమాఖ్యగా ఏర్పడినవి. 1961లో జమైకా ప్రజలు ఓటు వేసి విడిపోయారు. వెంటనే ట్రినిడాడును విడిపోయినది. మిగిలిన ఎనిమిది చిన్న ద్వీపములనైన కలిపి ఉంచవలెనని లూయిస్ గారు ద్వీపము ద్వీపమునకు తిరిగి నాయకులతో మాట్లాడారు. ప్రయోజనము లేకపోయెను. 1962 మే నెలలో సమాఖ్య రద్దయినది. జెండాలు వేరైనవి, ప్రభుత్వములు వేరైనవి. కాని విశ్వవిద్యాలయము విడిపోలేదు. నేటికిని అది అనేక దేశములకు ఉమ్మడి విశ్వవిద్యాలయముగానే నిలిచియున్నది. నాయకులు కలుపలేనిదానిని విద్య కలిపి ఉంచినది.

ఎటు పోవలెను?

1963లో ఆయనకు సర్ బిరుదు వచ్చినది. అదే సంవత్సరము అమెరికాలోని ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయమునకు వెళ్లి ఇరువది సంవత్సరములు బోధించారు. అక్కడ ఉండగా 1969లో ఒక పెద్ద వాదము రేగెను. నల్లజాతి విద్యార్థులు తమ చరిత్ర, సంస్కృతులకు ప్రత్యేక విభాగములు కావలెనని, కొన్నిచోట్ల ప్రత్యేక వసతులు కూడ కావలెనని ఉద్యమించుచున్నారు. లూయిస్ గారు వారికి ఇంపుగా లేని మాట చెప్పారు. అమెరికా జనాభాలో మనవారు నూటికి పదకొండు వంతులున్నారు, పైస్థాయి ఉద్యోగములలో మన పాలు అందులో ఎంత? ఆ పాలు దక్కవలెనంటే ఇంజనీరింగు, విజ్ఞానము, వైద్యము, వ్యాపార నిర్వహణ చదువవలెను, ఆఫీసులో తెల్లవానితో కలిసి పని చేయవలసియుండగా కళాశాలలో విడిగా కూర్చుంటే లాభమేమి అన్నారు.

చాలమంది యువకులకు కోపము వచ్చెను. వారి పక్షమునను న్యాయమున్నది. తన పితరులను గూర్చి ఒక్క మంచి మాటయైన వినని పిల్లవాడు తలయెత్తి చదువలేడు. ఆఫ్రికా చరిత్ర చదువవద్దని లూయిస్ గారును అనలేదు. అది నల్లవారే కాదు అందరు చదువవలసినదని ఆయన భావము. అయితే పిల్లవాడు కళాశాలలో గడుపు నాలుగేండ్లు చాల విలువైనవి, ఆ నాలుగేండ్లలో చేతికి పని రావలెను అనునదే ఆయన పట్టు. ఈ వాదము నేటికిని ముగియలేదు. మా మట్టుకు మేము చెప్పునదేమనగా, ఆత్మగౌరవము ఒక కాలు, నైపుణ్యము మరియొక కాలు. ఒంటి కాలిపై ఎవడును దూరము నడువలేడు.

1973 వరకు ఆయన గయానా విశ్వవిద్యాలయమునకు ఛాన్సలర్‌గా ఉన్నారు. మనవారి సంతతి కూడ చదువుకొను విశ్వవిద్యాలయము అది. 1970లో కరీబియన్ అభివృద్ధి బ్యాంకు స్థాపింపబడగా దానికి మొదటి అధ్యక్షులై, చిన్న ద్వీపములు కలిసి అప్పు తెచ్చుకొని పనులు చేసికొను మార్గమును ఏర్పరచారు. 1979లో నోబెల్ బహుమతి. 1983లో అమెరికా అర్థశాస్త్ర సంఘమునకు అధ్యక్షత. 1991 జూన్ 15వ తేదీన బార్బడోస్‌లో కన్నుమూశారు. ఆయన దేహమును జన్మస్థలమైన సెయింట్ లూసియాకు తెచ్చి, ఆయన పేరుతోనే ఉన్న కళాశాల ఆవరణలో సమాధి చేశారు. నేడు ఆ కళాశాల విద్యార్థులు ఆయన సమాధి ప్రక్కగానే తరగతులకు పోవుచుందురు.

మనకేమి?

శతవార్షికోత్సవమున మనము వెనుకకు చూచుకొని స్తోత్రము చెల్లించుట న్యాయమే. అయితే లూయిస్ గారి జీవితమునుండి మూడు మాటలు మన ముందుంచి ముగించెదము.

మొదటిది. కూలివాని వెల అతని ఇంటివద్ద నిర్ణయమగునని చెప్పుకొన్నాము. మన ఊరి పిల్లవాడు పదవ తరగతి తప్పి హైదరాబాదులో మేస్త్రీ వెంట పోవునప్పుడు, గల్ఫు ఏజెంటు చెప్పిన జీతమునకు సంతకము పెట్టునప్పుడు, అతడు ఎందుకంత తక్కువకు ఒప్పుకొనుచున్నాడు? ఇంటివద్ద వేరొక దారి లేదు గనుక. ఒక ఐ.టి.ఐ. సర్టిఫికెట్టు, ఒక నర్సింగు శిక్షణ, ఇంటివద్ద రెండు పాడి గేదెలు - ఇవి ఉన్నవాడు మేస్త్రీతో బేరమాడగలడు. కాదని చెప్పగలుగుటలోనే పేదవాని బలమున్నది. కనుక మనము ఒక పిల్లవానికి చేయు సహాయము ఆ ఒక్కనికే కాదు. ఒక ఊరిలో కాదని చెప్పగలవారు పదిమంది తయారైతే, చెప్పలేనివారి కూలి కూడ పెరుగును. ఇది భిక్షము కాదు, లెక్క.

రెండవది. సంస్థ ఎవరికొరకు అను ప్రశ్న. చక్కని తోట, మంచి మర్యాద, కొద్దిమంది విద్యార్థులు ఉన్న కళాశాలను లూయిస్ గారు అట్లే ఉంచి పేరు తెచ్చుకొనవచ్చును. వాకిలి వెడల్పు చేయుటకే ఆయన పాటుపడ్డారు. అట్లని చదువు పస తగ్గించలేదు. ఎక్కువమందికి, అయితే మంచి చదువే. మన పాఠశాలలు, హాస్టళ్లు ఎవరికి తెరచియున్నవి? ఫీజు కట్టగలవానికా, కట్టలేనివానికా? ఈ ఉత్సవములలో మనము వేయు శిలాఫలకములు ఎన్ని, చదివింపబోవు పిల్లలు ఎందరు? ఈ రెండు అంకెలను ప్రక్క ప్రక్కన వ్రాసికొని చూచుకొందము.

మూడవది. లాభమును తిని కూర్చుండక తిరిగి పనిలో పెట్టవలెనను మాట. ఇది మిల్లు యజమానికి మాత్రమే కాదు. మన హాస్టలులో చదివి నేడు మంచి జీతములు తెచ్చుకొనుచున్నవారు హైదరాబాదులో, బెంగుళూరులో, అమెరికాలో ఎందరో ఉన్నారు. వారు పొందిన చదువు కూడ ఒక పెట్టుబడియే. దాని ఫలములో కొంత, మరియొక పిల్లవాని చదువునకు తిరిగి రావలెను. లూయిస్ గారు ఎంత ఎత్తునకు వెళ్లినను మరల మరల తన ద్వీపముల పనికి తిరిగి వచ్చారు. ఒకసారి విశ్వవిద్యాలయమునకు, ఒకసారి సమాఖ్య కొరకు, ఒకసారి బ్యాంకునకు. సమాఖ్య చెడినది, మిగిలిన రెండును నిలిచినవి. చెడినదానిని చూచి ఆయన పని మానలేదు.

చెప్పులు లేక నడచిన ఆ చెరకు కూలివాని ప్రశ్నకు ఆయన జవాబు వెదకి ఇచ్చారు. ఆ జవాబును మన ఊళ్లలో ఆచరణలో పెట్టవలసిన పని మనది. ఇక్కడ కూర్చున్న హాస్టలు పిల్లలలో ఇంజనీరు కావలెనని కోరుకొనువాడు, డాక్టరు కావలెనని కోరుకొను ఆడపిల్ల తప్పక ఉన్నారు. డబ్బు లేదనియో, కులమనియో, ఆడపిల్ల అనియో వారికి మూయబడు తలుపులలో ఒక్కదానినైన ఈ సంవత్సరము మన సంఘములు తెరువగలిగితే, ఈ ఉత్సవము సార్థకమైనట్లే.